అడగకుండా తల ముట్టుకోవద్దు

కరరైనా పదవీ విరమణ చేసినప్పుడు జిల్లా పత్రికలో ఆమె గురించి నాలుగు వాక్యాలు వేశారు. 'పిల్లలతో ఎంతో మృదువుగా మెలిగే పళ్ళ నర్సు' అన్నారు అందులో. చదివి నాకు ఒళ్ళు మండింది. కరరైనా మృదువైన మనిషేం కాదు. ముక్కు మీద కోపం, ఆటస్థలం అవతలికి వినిపించే గొంతు. మృదువైన నర్సుల్ని నేను చాలామందిని చూశాను. వాళ్ళు మెత్తగా నవ్వుతూనే మన తల పట్టుకుని వెనక్కి వంచేసేవాళ్ళు. కరరైనా నవ్వకపోయినా వంచేది కాదు. ఆ తేడా తెలియనివాళ్ళు ఆమె గురించి రాయకుండా ఉంటే బాగుండేది. రాశారు కాబట్టి ఇన్నేళ్ళకైనా నేను రాయాల్సి వస్తోంది. నాకు డెబ్బై దాటాయి, నోట్లో ఇరవై ఆరు సొంత పళ్ళున్నాయి, మాట్లాడే హక్కు నాకుంది.

న్యూజిలాండ్ తూర్పు తీరంలో మాది పుకెరేవా. బడిలో అరవై మందిమి, నలుగురైదుగురు తప్ప అందరం మావోరీలమే, ఈ నేల తొలి మనుషులమే. ఆటస్థలం చివర తెల్ల రంగు వేసిన ఒంటి గది ఒకటుండేది. పళ్ళ నర్సు ఉండేది అందులోనే, బడి పిల్లల పళ్ళు నింపేదీ పీకేదీ ఆమే. దాన్ని మేం మర్డర్ హౌస్ అనేవాళ్ళం. మేమే కాదు, ఆ రోజుల్లో ఈ దేశంలో ఏ బడి పిల్లనడిగినా అదే పేరు చెప్పేది.

అక్కడికి పిలుపు వచ్చే పద్ధతి ఇంకా ఘోరం. ఒకరి పని అయిపోయాక, ఆ పిల్లే తర్వాతి వాళ్ళ పేరున్న చీటీ పట్టుకుని క్లాసులోకి వచ్చేది. తలుపు తెరుచుకోగానే లెక్కలు చేస్తున్న చేతులన్నీ ఆగిపోయేవి. చీటీ తెచ్చిన పిల్ల వెంటనే పేరు చదివేది కాదు. వాచిన బుగ్గతో ఒక్కొక్క మొహం మీదా చూపు ఆపుకుంటూ నిలబడేది. లోపల తను పడ్డదంతా ఆ అర నిమిషంలో మా మీద తీర్చుకునేది. నేనూ అలాగే తీర్చుకున్నాను, తప్పు ఒప్పుకుంటున్నాను.

కరరైనాకి ముందున్న నర్సు చెడ్డదని అనను. డ్రిల్లుని తిప్పే తాడు మీద దూదితో చిన్న కుందేలు చేసి అంటించేది. తాడు తిరుగుతుంటే కుందేలు పరుగెత్తేది. మనం నోరు తెరుచుకుని కుందేలుని చూస్తుండగా ఆమె ఎడమ చెయ్యి మన మెడ చుట్టూ వచ్చి తలని చంకలో బిగించేసేది. మా నాన్న గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు. గొర్రెని పట్టుకునే పట్టు అచ్చం అదే. తేడా ఏమిటంటే గొర్రెకి కుందేలుని చూపించరు.

మా వాళ్ళకి తల తపు. ఇంకొకళ్ళు ఊరికే చెయ్యి వెయ్యకూడనిదని అర్థం. మా నానీ, అంటే అమ్మమ్మ, నా జుట్టు దువ్వే ముందు కూడా "దగ్గరికి రానా?" అని అడిగేది. తలకి పెట్టుకునే టోపీ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టినా ఇల్లు పీకి పందిరి వేసేది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్ల తలని ఎవరో చంకలో ఇరికించుకుంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. నొప్పి సంగతి తర్వాత. నొప్పి మాకు తెలియందేం కాదు, గుర్రాల మీంచి పడ్డవాళ్ళమే.

పంతొమ్మిది వందల అరవై ఒకటి ఫిబ్రవరిలో కరరైనా వచ్చింది. ఇరవై రెండేళ్ళు. తెల్ల గౌను, ఎర్ర స్వెట్టరు, తల మీద గంజి పెట్టిన తెల్ల ముసుగు. ఆ ముసుగు కింద మా రంగు మొహం మేం చూడడం అదే మొదలు. ఊళ్ళో ఆడవాళ్ళు ఏదో పనున్నట్టు బడి గేటు దగ్గరికి వచ్చి చూసి వెళ్ళారు. నానీ రాత్రి అన్నాల దగ్గర, "ఆ వేషం లోపల ఉన్నది మన పిల్లేనే!" అని పదిసార్లు అంది.

మూడో రోజు చీటీలో నా పేరొచ్చింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వెళ్ళేముందే ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ చెయ్యి మెడ చుట్టూ వస్తే కరుస్తాను. ఎవరి చెయ్యైనా సరే. కుర్చీలో కూర్చున్నాను. కరరైనా నా పేరడిగింది, కుందేలు చేసింది. ఆ తర్వాత శిక్షణ బడిలో రెండేళ్ళు నేర్పిన ఎడమ చెయ్యి తనంతట తనే లేచి నా తల చుట్టూ వచ్చింది. బొటనవేలు నోటికి అందింది. పళ్ళన్నీ దిగేలా కరిచాను.

ఆమె పెట్టిన కేకకి బయట పావురాలు లేచిపోయాయి. నేను కళ్ళు మూసుకుని దెబ్బ కోసం చూస్తున్నాను. దెబ్బ రాలేదు. తెరిచి చూస్తే ఆమె ఎదురుగా ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, వేలు మీద పడ్డ గాట్లు లెక్కపెడుతోంది.

"పై పళ్ళు బానే ఉన్నాయి," అంది. "కింద కుడివైపు ఒకటి పూర్తిగా దిగలేదు. దానికే జబ్బు."

నేను నాలుకతో ఆ పన్ను తడిమి చూసుకున్నాను.

"నీ తల ముట్టుకునే ముందు నిన్ను అడగలేదు కదూ?"

"లేదు."

"మా అమ్మ ఇది చూసి ఉంటే నా చెయ్యి విరగ్గొట్టేది." ఆమె మొహం కందిపోయింది. నా మీద కోపమనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. "రెండేళ్ళలో చేతికి ఎంత తలపొగరు నేర్పారో చూడు. అడగడం మర్చిపోయింది. మీ ఇంట్లో నీ తల ముట్టుకునేదెవరు?"

"నానీ."

"రేపు ఆవిడని తీసుకురా. ఇప్పుడు పో. ఇంకోసారి కరిచావంటే నేనూ కరుస్తాను, చెప్తున్నా."

మర్నాడు నానీ వచ్చింది. తలుపు మీద బోర్డు ఉంది: 'పెద్దలు లోపలికి రాకూడదు.' తల్లిదండ్రులు పక్కనుంటే పిల్లలు మారాం చేస్తారని ఆ రూలు. నానీ బోర్డుని పైనుంచి కిందిదాకా చూసింది.

"నాకు చదువు రాదమ్మా," అని లోపలికి నడిచింది. రోజూ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని బైబిలు చదివే మనిషి.

పీటని కుర్చీ వెనక వేశారు. నానీ దాని మీద కూర్చుని రెండు చేతులూ నా చెంపలకి ఆనించింది. కరరైనా ముందుకొచ్చి వంగి, నా కళ్ళలోకి చూసి, "నీ తల దగ్గరికి రావచ్చా?" అని అడిగింది. నేను నానీ వైపు చూడబోయాను. "ఆవిడని కాదు, నిన్ను," అంది. సరేనన్నాను. "చెయ్యి ఎత్తితే ఆపేస్తాను. ఎందుకని అడగను," అంది.

అబద్ధమేమో చూద్దామని డ్రిల్లు మొదలవగానే చెయ్యెత్తాను. ఆపింది. మళ్ళీ మొదలెట్టింది, మళ్ళీ ఎత్తాను. ఒక్క పన్నుకి పదకొండుసార్లు ఎత్తాను. నాలుగోసారికి ఆమె ముక్కుపుటాలు అదిరాయి. ఎనిమిదోసారికి ముసుగు వణికింది. పదకొండోసారి పళ్ళు పటపటా కొరికింది. కానీ పదకొండుసార్లూ ఆపింది, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. పత్రికవాళ్ళు మృదుత్వం అన్నది దీన్నే కాబోలు. నేనైతే దీన్ని మాట మీద నిలబడడం అంటాను.

మధ్యలో నానీ ఊరుకోలేదు. నా నుదుటి మీదుగా బంధువుల గుట్టంతా విప్పడం మొదలెట్టింది. ఫలానా మావయ్య పక్కూరి గుర్రాన్ని ఎలా ఎత్తుకొచ్చాడో, దాని మచ్చ మీద బూటు పాలిష్ ఎలా రాశాడో చెప్పింది. సరిగ్గా గుర్రం యజమాని తలుపు కొట్టే చోటికి వచ్చాక ఆగింది.

"తర్వాత?" అన్నాను, నోట్లో దూది ఉన్నా సరే.

"పన్ను నిండాక," అంది నానీ.

"నాక్కూడా చెప్పకుండా వెళ్తే ఊరుకోను," అంది కరరైనా డ్రిల్లు ఆపకుండా.

ఆ వారంలోనే ఇంకో ముగ్గురు నానీలు వచ్చారు. ఈస్టరు నాటికి వంతులు వేసుకున్నారు. మనవలు లేని ముసలమ్మలు కూడా అల్లిక పట్టుకుని వచ్చేవాళ్ళు. గొర్రెల కంపెనీ మేనేజరు కూతురు తెల్లపిల్ల. దానికి ఊళ్ళో అమ్మమ్మ లేదని మా నానీయే దాని తల పట్టుకునేది, అదీ అడిగాకే. కరరైనా ఎవరినైనా అడిగేది. ఐదేళ్ళ పిల్లనీ అడిగేది, పదమూడేళ్ళ మొండివాణ్ణీ అడిగేది. ఒప్పుకోకపోతే, "అయితే రేపు మళ్ళీ అడుగుతా, నా నుంచి తప్పించుకోలేవు," అని పంపేసేది. మేం మర్డర్ హౌస్ అనే పేరు మాత్రం మార్చలేదు. అంత మంచి పేరు ఎవరు వదులుకుంటారు? కాకపోతే చీటీ వచ్చినప్పుడు ఏడవడం మానేశాం.

అక్టోబరులో ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. పేరు మిస్ కార్స్‌వెల్. పొడుగ్గా, శుభ్రంగా, నొక్కినట్టున్న పెదాలతో ఉండేది. తలుపు తీసేసరికి గదిలో ఒక నర్సు, ఒక పిల్ల, నలుగురు ముసలమ్మలు కనిపించారు. గుర్రాల దొంగ కథ నడుస్తోంది. ఆవిడ మొహం పాలిపోయింది. ముసలమ్మలని బయటికి పంపి తలుపేసింది. తలుపేస్తే వినబడదనుకుంది పాపం. కిటికీ కింద పదిమందిమి ఉన్నాం.

"ఇది సంతనా, క్లినిక్కా?"

"పిల్లలు ఏడవట్లేదు, మిస్."

"నీకు నేర్పిన పట్టు ఎందుకు వాడటం లేదు?"

"అది పట్టు కాదు, మిస్. పెనుగులాట."

"చూడు. మూడు వారాల్లో మళ్ళీ వస్తాను. నా కళ్ళ ముందు, పెద్దలెవరూ లేకుండా, నేర్పిన పద్ధతిలో ఒక పిల్లకి పన్ను తీసి చూపించాలి. లేదా నిన్ను ఇక్కడినుంచి మార్పిస్తాను. వచ్చేవాళ్ళకి ఆ పట్టు బాగా తెలిసి ఉండేట్టు కూడా చూస్తాను."

ఆ మాట మా అందరి చెవినా పడింది. కరరైనా పోతే మళ్ళీ ఆ చంక వస్తుంది. అరవై మందికీ అర్థమైంది.

ఆ తీయాల్సిన పన్ను నాదే అయింది. కింద కుడివైపుది, నేను కరిచిన రోజు ఆమె చెప్పిందే. నింపినా నిలవలేదు. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చే నాటికి నా బుగ్గ బన్ను రొట్టెలా ఉబ్బింది, రెండు రోజులుగా ముద్ద దిగలేదు. బడి అంతా నా చుట్టూ మూగి ఒకటే చెప్పింది: నోరు మూసుకుని కూర్చో, అంటే నోరు తెరుచుకుని కూర్చో, వాళ్ళు ఏం చేసినా ఒప్పుకో, కరరైనా మనకి మిగలాలి. నేనూ అదే అనుకున్నాను. ఒట్టు కూడా వేశాను.

గదిలో మేం ముగ్గురమే. నానీ బయట మెట్ల మీద కూర్చుంది. మిస్ కార్స్‌వెల్ పుస్తకం తెరిచి, "మొదలుపెట్టు," అంది. కరరైనా నా ముందుకొచ్చి వంగి, ఎప్పటిలాగే నోరు తెరిచింది, అడగబోయింది.

"అడగడం అక్కర్లేదు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "పట్టు చూపించు."

కరరైనా నిలువుగా నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను చెయ్యను, మిస్."

"అయితే నేనే చూపిస్తాను." ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. దగ్గరికి వచ్చాక నా వాచిన బుగ్గ చూసింది. మనిషే కదా, కాస్త జాలి పడ్డట్టుంది. ఆగి, గొంతు తగ్గించి, "సరే. అడగడమే మీ పద్ధతయితే అడుగుతాను. రిపెకా, నీ తల ముట్టుకోవచ్చా?" అంది.

అవునంటే చాలు. కరరైనా మిగులుతుంది, పన్ను పోతుంది, రాత్రికి అన్నం తింటాను. ఒట్టు కూడా ఉంది. నేను కరరైనా వైపు చూశాను. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, కోపంతో వచ్చిన నీళ్ళు.

"నా కోసం చెప్పకు," అంది. "తల నీది."

ఆవిడ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆ చెయ్యి మర్యాదగానే ఉంది. కానీ నాకు ఆ చెయ్యి వద్దు. అడిగారు కాబట్టి చెప్పాను.

"వద్దు," అన్నాను.

మిస్ కార్స్‌వెల్ చెయ్యి దించింది. కరరైనా వైపు తిరిగి, "చూశావా? అడిగితే జరిగేది ఇదే," అంది.

"అవును మిస్," అంది కరరైనా. "అడిగితే సరిగ్గా జరిగేది ఇదే. వద్దనడానికి వీల్లేకపోతే ఇంక అడగడం ఎందుకు?"

తర్వాత ఆమె ఇన్‌స్పెక్టరమ్మ లేనట్టే పక్కనుంచి నడిచి తలుపు బార్లా తీసింది. "నానీ! లోపలికి రండి, మీ పీట ఇక్కడే ఉంది!" అని ఊరంతా వినేలా పిలిచింది. నానీ వచ్చింది. కరరైనా అడిగింది, నేను సరేనన్నాను, రెండుసార్లు చెయ్యెత్తాను, రెండుసార్లూ ఆపింది. పన్ను వచ్చేసింది. నానీ దాన్ని రుమాల్లో మూట గట్టుకుంది. మిస్ కార్స్‌వెల్ ఇదంతా పుస్తకంలో రాసుకుంది. ఏమాటకామాటే, ఒక్క అక్షరం అబద్ధం రాయలేదట.

క్రిస్మసుకి ముందే బదిలీ కాగితం వచ్చింది. ఒట్టు తప్పానని బడిలో వారంపాటు నాతో ఎవరూ మాట్లాడలేదు. నేను పీట పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడిస్తే కరరైనా విసుక్కుంది. "ఏడవకు. నువ్వు సరేనని ఉంటే నేను ఇక్కడే ఉండేదాన్ని, రోజూ ఆ పట్టు పడుతూ. అదీ ఒక ఉద్యోగమేనా?" అని నా జడ లాగబోయి, ఆగి, "లాగొచ్చా?" అంది. సరేనన్నాను. గట్టిగానే లాగింది.

ఆమె స్థానంలో వచ్చిన నర్సుకి పందొమ్మిదేళ్ళు. మా మీద చెయ్యి వెయ్యాలంటే ఇంట్లోవాళ్ళ సంతకం ఉన్న కాగితం కావాలి. నానీలు బడికి వెళ్ళి అరవై కాగితాలూ వెనక్కి తెచ్చేసుకున్నారు. "ముందు ఆ పిల్ల అడగడం నేర్చుకోనీ, తర్వాత సంతకాలు," అన్నారు. పదిరోజులు ఖాళీ కుర్చీని తుడిచాక ఆ పిల్ల నేర్చుకుంది. మంచి పిల్లే. ఎవరూ చెప్పలేదంతే.

కరరైనాని వేసింది బ్రాక్స్‌టన్ అనే మాంసం ఫ్యాక్టరీల ఊళ్ళో, మాకు ఒక రోజు బస్సు దూరం. మార్చిలో నానీకి ఉత్తరం రాసింది. 'ఇక్కడ తొమ్మిది వందల మంది పిల్లలు. అడిగితే నవ్వుతున్నారు, ఏం చెప్పాలో తెలియక. వీళ్ళ నానీలు ఎక్కడో దూరాన ఉన్నారు. అమ్మలు బోర్డు చదివి గేటు దగ్గరే ఆగిపోతారు. తల పట్టుకోవడానికి మనిషి లేరు. నా రెండు చేతులూ సరిపోవట్లేదు.'

నానీ ఉత్తరం మడిచి, పెట్టె తీసి, అల్లిక సర్దింది. ఇంకో ఇద్దరు ముసలమ్మలు బయల్దేరారు. నన్ను కూడా తీసుకెళ్ళింది. ఎందుకంటే, "ఎవరైనా అడిగితే చూపించడానికి నోరున్న పిల్ల ఉండాలి కదే," అంది.

బ్రాక్స్‌టన్ క్లినిక్కులో ముగ్గురు పరాయి ముసలమ్మలు వంతులవారీగా పరాయి పిల్లల తలలు పట్టుకున్నారు. నానీ తన మావయ్య గుర్రాల దొంగతనం గురించి ఊరూ పేరూ తెలియని పిల్లలకి చెప్పింది. కొన్ని పేర్లు మార్చింది, కొన్ని గుర్రాలు పెంచింది. ఒకళ్ళిద్దరు పిల్లలు ఆమె చెయ్యి వద్దన్నారు. లేచి పక్కన కూర్చుంది, ఏమీ అనుకోలేదు. పెద్దాఫీసుకి ఈ సంగతి తెలియడానికి ఎన్నాళ్ళో పట్టదని అందరికీ తెలుసు. ఈసారి బదిలీ కాదు, ఉద్యోగమే పోతుందని కరరైనాకీ తెలుసు. "పోనీండి, పోయేలోపు ఎంతమందిని అడగగలనో అడుగుతాను," అనేది.

పదో రోజున కుర్చీలో జానిస్ అనే ఆరేళ్ళ తెల్లపిల్ల ఉంది. నానీ చేతులు దాని చెంపల మీద ఉన్నాయి. అప్పుడే తలుపు దగ్గర ఒకావిడ కనబడింది. చేతిలో కూరగాయల సంచీ, మొహం నిండా మంట.

"ఎవరండీ మీరు?" అంది నానీతో. "నా కూతురి తల పట్టుకోవడానికి మీరెవరు?"

కరరైనా చేతిలో సూది అలాగే ఆగింది. అయిపోయింది, ఈవిడే వెళ్ళి ఆఫీసులో చెప్తుంది అనుకున్నాను.

నానీ మాత్రం మొహం వెలిగిపోయి, మోకాళ్ళు పట్టుకుని పీట మీంచి లేచింది. "ఆ మాట ఎవరంటారా అని పదిరోజుల్నించి ఎదురు చూస్తున్నానమ్మా," అంది. "రా తల్లీ. నువ్వే పట్టుకో."

"నేనా? బోర్డు మీద రాకూడదని..."

"మీ పిల్ల బోర్డుదా, మీదా?" అని అరిచింది కరరైనా. "వస్తే రండి, లేకపోతే తలుపేయండి. నా చెయ్యి లాగేస్తోంది."

ఆవిడ గుమ్మంలో ఒక్క క్షణం ఊగింది. సంచీ కింద పెట్టి, లోపలికి వచ్చి, పీట మీద కూర్చుంది. చేతులు ముందుకు చాచింది. అంతలో 'ముందు అడగండి' అన్నట్టున్న కరరైనా మొహం చూసి, ఆ చేతులు మధ్యలోనే ఆపుకుంది.

"జానిస్," అంది, "నేను నీ తల పట్టుకోనా?"

తల్లి ఎప్పుడూ అడగని ప్రశ్న అది. ఆ పిల్ల తల వెనక్కి తిప్పి తల్లి మొహంలోకి చూస్తూ చాలాసేపు ఆలోచించింది. మేమందరం ఆగాం. తల్లి కూడా ఆగింది.